ఆమె జామీను పత్రంపై సంతకం ఎవరిది?

బెయిలు ఉత్తర్వు వెలువడిన పిదప కూడా ఒక స్త్రీ 53 దినాలు కారాగారంలోనే ఉండిపోయింది. ఆ 53 దినాలూ ఆమెకు ఏ న్యాయమూర్తీ విధించిన శిక్ష కాదు. దానిని విధించినవారం మనం: అమరాపురంలో, మడకశిరలో, హిందూపురంలో, పెనుగొండలో, ధర్మవరంలో మసీదు కమిటీలలో కూర్చుని తీర్మానాలు చేసే మనం. ఈ మాట కటువుగా తోచిన సోదరులు దయచేసి చివరిదాకా చదివి, ఆ తరువాతనే నన్ను నిందించండి.

2023 రంజాన్ మాసానికి వారం రోజుల ముందు మా మండలంలోని ఒక గ్రామంలో ఆమెను అరెస్టు చేశారు. పేరు వ్రాయను, ఊరూ వ్రాయను. సుమారు ముప్పై అయిదేళ్ల వితంతువు. వక్క ఒలిచే కూలితో ఇద్దరు బిడ్డలను పోషించుకుంటోంది. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి అయిదు. అమరాపురం రాష్ట్రపు అంచున ఉన్న ఊరు. మాలో ఎందరికో వియ్యాలు, కయ్యాలు అన్నీ సిరా, మధుగిరి, పావగడ వైపే. ఇక్కడ మద్యం ధరలు పెరిగిన ఆ సంవత్సరాలలో అటునుండి చౌక మద్యం ప్యాకెట్లు సంచులలో ఇటు వచ్చేవి. బురఖా వేసుకున్న ఆడమనిషిని తనిఖీలో ఎవరూ ఆపరని లెక్క వేసుకున్న దళారి ఒకడు, సంచికి 300 రూపాయలు ఇస్తానని ఆమెను పిలిచాడు. సంచిలో ఏముందో తెలియదని ఆమె మాతో అబద్ధం చెప్పలేదు. తెలుసునన్నది. రెండు నెలల ఇంటి అద్దె బాకీ ఉందన్నది. మూడోసారి పట్టుబడింది. దళారిని కూడా పట్టుకున్నారు. అతడు తొమ్మిదో రోజున బయటికి వచ్చాడు.

మద్యం హరామ్. త్రాగినవారినే గాక మోసినవారిని కూడా దైవప్రవక్త (స) శపించినట్లు హదీసు ఉంది. ఆ సంగతి నాకు గుర్తు చేయడానికి ఎవరూ శ్రమపడనక్కర లేదు. ఆమెను నిర్దోషిగా నిలబెట్టడానికి నేను కలం పట్టలేదు.

కారాగారంలో ఆమె గడిపిన దినాలను గూర్చి ఆమె నా భార్యతో చెప్పినది కొంత, నాతో స్వయంగా చెప్పినది కొంత. అది ఏ కారాగారమో ఇక్కడ అనవసరం. బస్సులు మూడు మారితే గాని చేరలేని ఊరు. గేటు వద్ద మొదట బురఖా తీయించారు. మహిళా సిబ్బందే సోదా చేశారు, అందులో ఆక్షేపణ లేదు. ఒంటిమీది పుట్టుమచ్చలు రెండు రిజిస్టరులో వ్రాసుకున్నారు. చెవి కమ్మలు విప్పి, తూచి, రసీదు వ్రాశారు. పెనుగొండ బాబయ్య దర్గాలో తల్లి కట్టించిన తాయెత్తు దారం కత్తిరించారు. (తాయెత్తు సరైనదా కాదా అన్న వాదం ఇక్కడ వద్దు. కత్తెర చప్పుడుకు ఆమె అంత ఏడ్చిందని మాత్రమే చెబుతున్నాను.) ఒక పళ్లెం, ఒక గ్లాసు, పరుచుకోవడానికొకటి కప్పుకోవడానికొకటి రెండు దుప్పట్లు ఇచ్చారు. పొడవైన దుపట్టాను ఉంచుకోనివ్వలేదు. మెడకు ఉరి వేసుకుంటారన్న భయం వారిది. ఆ భయం నిరాధారమని నేను అనను. బదులుగా చిన్న తువ్వాలు ఇచ్చారు. తల కప్పితే భుజాలు కనబడేవి, భుజాలు కప్పితే తల కనబడేది.

తెల్లవారగానే గంట, తలుపులు తెరవడం, జోడీలుగా కూర్చోబెట్టి లెక్క పెట్టడం. కుళాయి వద్ద వరుస. పదకొండు గంటలకల్లా మధ్యాహ్న భోజనం. సాయంత్రం అయిదున్నరకు రాత్రి భోజనం చేతికిచ్చి, మళ్లీ లెక్క పెట్టి, చీకటి పడకముందే లాకప్. ఆపైన పన్నెండు గంటలు ఆ బ్యారక్‌లోనే. ఏళ్ల తరబడి శిక్ష అనుభవిస్తున్న ఒక పెద్దావిడ, మన మతస్థురాలు కాదు, ఆమెను పక్కన పడుకోబెట్టుకుని అక్కడి రివాజులు నేర్పింది. లెక్క పెట్టేటప్పుడు మొదటి వరుసలో కూర్చోకు, చివరి వరుసలోనూ కూర్చోకు. నీ కేసు ఎవరికీ చెప్పకు, ఎవరి కేసూ అడగకు. సబ్బు అప్పిస్తే తప్పక తిరిగి అడుగు, అడగకపోతే రేపు దుప్పటి అడుగుతారు. రాత్రి ఏడుపు వస్తే గోడవైపు తిరుగు. గంటకు లేవడం, పిలిస్తే పేరుకు బదులు నెంబరు పలకడం, పది మంది ఎదుట స్నానం చేయడం, ఇవన్నీ పదిహేను దినాలలో అలవాటయ్యాయని ఆమె చెప్పింది. అలవాటైనందుకు తనమీద తనకే భయం వేసిందని కూడా చెప్పింది.

నమాజుకు అభ్యంతరం చెప్పినవారు లేరు. అయితే లాకప్ తరువాత బ్యారక్‌లో ఉండేది ఒక తొట్టి నీరు. అందరి అవసరాలకూ అదే. ఇషాకు, ఫజ్ర్‌కు వుజూ చేస్తే నీరు వృథా చేస్తోందని గొణుగుడు. ఆమె గ్లాసుడు నీళ్లతో వుజూ చేయడం నేర్చుకుంది. రంజాన్‌లో సహరీ ఏర్పాటు ఉండేది. సాయంత్రం భోజనంతో పాటే సహరీ డబ్బా ఇచ్చేవారు. ఏప్రిల్ ఎండలలో, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ సాంబారు ఏ స్థితిలో ఉంటుందో వంట చేసే ఇల్లాళ్లకు నేను వివరించనక్కర లేదు. ఆ పెద్దావిడ తన వంతు మజ్జిగ దాచి ఇచ్చేది. దానితోనే చాలా ఉపవాసాలు గడిచాయి.

పురుషులమైన మనకు తట్టని సంగతి ఒకటి ఉంది. స్త్రీకి నెలలో ఉపవాసం లేని దినాలు ఉంటాయి. వాటిని ఆమె తరువాత ఖజా చేసుకోవాలి. పండుగ వెళ్లాక షవ్వాల్‌లో ఆమె ఆ ఉపవాసాలు పూర్తి చేయదలచి సహరీ డబ్బా అడిగితే, "రంజాన్ అయిపోయింది కదా" అన్నది జవాబు. ఆ ఉద్యోగినికి ద్వేషం ఏమీ లేదు. ఆమె చేతిలోని ఉత్తర్వులో రంజాన్ మాసం అని మాత్రమే ఉంది. మన తరఫున ఆ ఉత్తర్వు కోసం ఏనాడైనా వినతిపత్రం ఇచ్చిన పెద్దమనుషులు ఉంటే, వారు తప్పకుండా పురుషులే అయి ఉంటారు.

ఆమె దేనికి అలవాటు పడలేకపోయిందని నా భార్య అడిగింది. ములాఖత్‌కు పేర్లు పిలిచే సమయానికి, అని చెప్పింది. గంట తరువాత గంట పేర్లు పిలుస్తూ ఉంటే, తనది రాదని తెలిసీ జుట్టు దువ్వుకుని కూర్చునేదట. 71 దినాలలో రెండుసార్లు వచ్చింది ఆమె తల్లి ఒక్కతే, సిరా వైపునుండి, చిన్నదాన్ని చంకన వేసుకుని. ఆరేళ్ల లోపు బిడ్డను తల్లితో ఉంచవచ్చునని, ఆ బిడ్డకు తిండీ వైద్యమూ చదువూ ప్రభుత్వమే చూడవలెనని సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఆ కేసు పేరులోనే మన రాష్ట్రం ఉంది, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఆ సౌకర్యం ఉందని ఆమెకు తెలిసింది కూడా. "లెక్కలో కూర్చోవడం నా బిడ్డకు నేర్పమంటారా?" అని తల్లి వద్దకే పంపేసింది.

ఇక ఆ 53 దినాల సంగతి. పద్దెనిమిదవ దినాన బెయిలు వచ్చింది. షరతు, ఇద్దరు జామీనుదారులు. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. సాల్వెన్సీ సర్టిఫికెట్ల కోసం వచ్చి వరండాలో కూర్చునే కుటుంబాలను ఆ కాలమంతా చూశాను. అక్కడ ఏమి జరుగుతుందో నాకు తెలుసు. ఆమె అన్నకు సిరా తాలూకాలో ఒకటిన్నర ఎకరం వక్కతోట ఉంది. పొరుగు రాష్ట్రపు ఆస్తి చెల్లదన్నారు. ఎఫ్ఐఆర్‌లో ఆమె పేరు చివర 'బీ' అని ఉంది, ఆధార్‌లో 'బేగం', రేషన్ కార్డులో రెండూ లేవు. ఒకచోట తండ్రి పేరు, ఇంకొకచోట చనిపోయిన భర్త పేరు. మన ఇళ్లలో ఏ స్త్రీ కాగితాలు తీసి చూసినా ఇదే గందరగోళం. దానిని సరిదిద్దే తీరిక మనకు పెళ్లిచూపులప్పుడు కూడా ఉండదు. ఈ చిక్కులన్నీ ఒక్క మధ్యాహ్నంలో విప్పగలిగినవే, ఇద్దరు స్థానికులు ముందుకు వచ్చి ఉంటే.

ఆమె తల్లి మా ప్రాంతంలోని ఒక మసీదు కమిటీ వద్దకు వెళ్లింది. ఏ మసీదో చెప్పను, చెబితే మిగిలిన కమిటీలన్నీ తమది కాదని ఊపిరి పీల్చుకుంటాయి. ఇఫ్తార్ ఏర్పాట్ల మధ్య ఆమెకు దొరికిన జవాబులు ఇవి. "సారాయి మోసినదానికి మేము జామీనా?" "రేపు మా ఆడపిల్లలకు ఏమని చెబుతాం?" "జకాత్ అర్హులకే ఇవ్వాలి, అమ్మా." ఆ రాత్రే తరావీహ్‌లో యూసుఫ్ సూరా పారాయణం జరిగిందో లేదో నాకు తెలియదు, కాని ఆ నెలలో ప్రతి మసీదులోనూ అది ఏదో ఒక రాత్రి వినబడే ఉంటుంది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) చెరసాల వృత్తాంతం మన పిల్లలకు కూడా కంఠోపాఠం. విడుదల కాబోతున్న తోటి ఖైదీతో ఆయన కోరినది ఒకే ఒక్క సహాయం. నీ యజమాని వద్ద నన్ను గూర్చి ప్రస్తావించు అన్నారు. బయటికి వెళ్లిన ఆ మనిషి మరచిపోయాడు. ఆ మరపు మూలంగా ఒక ప్రవక్త మరికొన్ని సంవత్సరాలు చెరలో ఉండిపోయారు. కథ వింటూ మనం యూసుఫ్ (అ) పక్షాన కన్నీరు పెట్టుకుంటాం. మన పాత్ర ఆ మరచినవాడిదని ఎవరికీ స్ఫురించదు.

అదే సూరాలో రాజు పానపాత్ర తెచ్చినవారికి ఒంటె బరువు ధాన్యం ఇప్పిస్తామని, అందుకు తాను పూచీ అని ఒక ప్రకటన చేసేవాడు పలుకుతాడు. పూచీకత్తు ధర్మసమ్మతమే అనడానికి మన ఉలమాలు ఆధారంగా చూపేది ఆ వాక్యాన్నే. హనఫీ ఫిఖ్హ్‌లో కఫాలత్ అని ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. అప్పుకు పూచీ పడటమే గాక, మనిషిని పిలిచిన దినాన హాజరు పరచడానికి పూచీ పడటం కూడా అందులో చర్చించారు. నేటి కోర్టు జామీను దానికి భిన్నమైనదేమీ కాదు. ఆమె పారిపోనంతవరకు జామీనుదారు జేబునుండి ఒక్క రూపాయి పోదు. అయిదేళ్ల బిడ్డను, కూలి పనిని వదిలి ఆ స్త్రీ ఎక్కడికి పారిపోతుంది?

కాబట్టి 'జకాత్ అర్హులకే' అన్న జవాబు ముందుగానే అసందర్భం. అయినా దానికీ సమాధానం చెబుతాను. జకాత్ వ్యయానికి దివ్యఖుర్ఆన్ పేర్కొన్న ఎనిమిది పద్దులలో మెడలు విడిపించడం ఒకటి. అది బానిసలకే పరిమితమా, నేటి ఖైదీలకూ వర్తిస్తుందా అన్నది పండితులు తేల్చుకోనివ్వండి. ఆమెకు నిసాబ్ లేదు, ఇంటి అద్దె బాకీ ఉంది. ఫకీరుగా, మిస్కీనుగా ఆమె తొలి రెండు పద్దులలోనే అర్హురాలు. జైలు తలుపు మూసినంత మాత్రాన పేదరికం రద్దు కాదు. వకీలు ఫీజుకు, తల్లి బస్సు ఛార్జీలకు ఆ సొమ్ము ఆమె చేతిలో పెట్టడానికి ఏ ఫత్వా కావాలి?

'మా ఆడపిల్లలకు ఏమని చెబుతాం' అన్నవారికి మఖ్జూమ్ తెగ స్త్రీ వృత్తాంతం చెప్పండి. దొంగతనం రుజువై, పెద్ద ఇంటి సిఫారసులు తిరస్కరింపబడి, ఆమెకు శిక్ష అమలైంది. ఆ మొదటి సగాన్ని మన వక్తలు గంటల తరబడి చెబుతారు. రెండవ సగం కూడా బుఖారీలోనే ఉంది. ఆమె మంచిగా పశ్చాత్తాపం చెందిందని, పెళ్లి చేసుకుందని, తన వద్దకు వస్తూ ఉండేదని, ఆమె అవసరాలను తాను దైవప్రవక్త (స) వారికి విన్నవించేదాన్నని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. విశ్వాసుల మాత ఇంటి తలుపు ఆమెకు తెరిచే ఉంది. ఆ స్త్రీ నేరం రుజువైనది, మన చెల్లెలి నేరం ఇంకా విచారణలోనే ఉంది.

నేనేమీ గొప్పవాణ్ణి కాను. ఆ తల్లి ముందు నా వద్దకే వచ్చింది. పెన్షనుదారుని, కోర్టు కాగితాల జోలి ఎందుకని నేను కూడా మూడు వారాలు ముఖం చాటేశాను. పండుగ నమాజు నుండి తిరిగి వస్తూంటే ఒక కురుబ రైతు నన్ను ఆపాడు. ఆమె వక్క ఒలిచేది ఆయన తోటలోనే. "సాయిబూ, నేను పాసుపుస్తకం తెస్తాను. ఇంకొక్కరు కావాలంట గదా, మీవాళ్లలో ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు. ఈద్ రోజున కొత్త బట్టలలో ఆ ప్రశ్న విన్నాను. మరుసటి సోమవారం నా ఇంటి పన్ను రసీదులు తీశాను. పేర్ల తేడాలు సరిచేయించడానికి, సర్టిఫికెట్లు రావడానికి, సెలవులు గడవడానికి ఇంకొక నెల పట్టింది. నేను ముఖం చాటేసిన మూడు వారాలు ఆ 53లో ఉన్నాయి.

చట్టం మన పక్షాన లేదని అనుకునేవారు వినండి. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసులో, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను నిరాకరించడాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. ఎక్కడో దూరదేశంలో అరెస్టయిన ఆంధ్రుడు అక్కడ ఆస్తిపరుడైన జామీనుదారును ఎక్కడినుండి తెస్తాడని ఆయన అడిగారు. మరుసటి ఏడాది, విచారణ లేకుండా బీహారు జైళ్లలో మ్రగ్గుతున్నవారిని విడిపించి, సత్వర విచారణ ప్రాథమిక హక్కేనని చాటిన తీర్పు ఒక ముస్లిం స్త్రీ పేరున ఉంది, హుసైనారా ఖాతూన్. న్యాయ కళాశాలలో చదివే ప్రతి విద్యార్థీ ఆ పేరు చదువుతాడు. మన సభలలో నేను ఆ పేరు ఇంతవరకు వినలేదు. 2023 జనవరి 31న, అంటే మా మండలపు స్త్రీ అరెస్టుకు ఆరు వారాల ముందు, సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా ఆదేశించింది. బెయిలు వచ్చిన ఏడు దినాలలో విడుదల కాని ఖైదీ వివరాలను జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెల దాటితే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంత తానే పరిశీలించవచ్చు. స్థానిక జామీనుదారు కోసం పట్టుబట్టవద్దని కూడా సూచించింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు గాకపోతే, మొదటిసారి నేరారోపణకు గురైనవారు గరిష్ఠ శిక్షాకాలంలో మూడవ వంతు జైలులో గడిపితే విడుదలకు అర్హులు. ఇన్ని ఉన్నాయి. వీటిలో ఏదీ తనంత తాను నడిచి బ్యారక్‌లోకి రాదు. బయటినుండి ఒకరు అడగాలి.

2022 చివరినాటికి దేశంలో ఖైదీలు 5,73,220 మంది, వారిలో స్త్రీలు 23,772. ఖైదీలలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ పూర్తి కానివారే. జనాభాలో 14 శాతమైన ముస్లింలు విచారణ ఖైదీలలో అయిదింట ఒక వంతుకు దగ్గరగా ఉన్నారు. ఈ చివరి అంకెను మన పత్రికలు, మన నాయకులు ప్రతి వేదికపైన చెబుతారు. చెప్పవలసిందే, ప్రభుత్వాన్ని నిలదీయవలసిందే. కాని ఆ అంకెలోని స్త్రీ మన వీధి మనిషి అయినప్పుడు మనం కిటికీ మూసుకుంటే, వేదికపై ఆ అంకె చదివే హక్కు మనకు ఎక్కడిది?

ప్రభుత్వాన్ని అడగవలసినవి ఖరీదైనవి కావు. వ్రేలాడే కొసలు లేకుండా కుట్టిన మఖ్నా ఇస్తే అధికారుల భయమూ తీరుతుంది, స్త్రీ తలా నిండుతుంది. వివాహ చిహ్నమని మంగళసూత్రాన్ని అనుమతించే నియమాలు పలు రాష్ట్రాలలో ఉన్నాయి, అది సరైనదే, ఆ మర్యాద తలగుడ్డకు కూడా చెందుతుంది. ఖజా ఉపవాసాలకు సహరీ, లాకప్ వేళ అదనంగా ఒక బిందె నీరు. ఉర్దూ 2022 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటా రెండవ అధికార భాష, కనుక జైలు నియమాల బోర్డు ఉర్దూలో కూడా ఉండవలె. స్త్రీ ఖైదీలను గూర్చి ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు ఇంటికి దగ్గరగా ఉంచాలనీ, మతాచారాల భేదాన్ని గుర్తించాలనీ చెబుతున్నాయి. మన విన్నపంలో అవి కూడా ఉటంకిద్దాం. నేను ఒక నకలు తయారు చేశాను, కావలసిన కమిటీలు అడిగి తీసుకోవచ్చు.

ఏటా కడప అమీన్ పీర్ దర్గా ఉరుసుకు మన తాలూకాలనుండి బస్సులు మాట్లాడుకుని వెళతాం. అదే కడపలో స్త్రీల కారాగారం ఉంది. ఆ బస్సులో వెళ్లే స్త్రీలలో నలుగురు, ముందుగా అనుమతి తీసుకుని, ఒక పూట అక్కడ ఆగలేరా? సబ్బులు, లోదుస్తులు, ఒక ఖుర్ఆన్ అనువాదం ఇచ్చి, ఏడు దినాలు దాటినా బెయిలు కాగితం చేతిలో పెట్టుకుని కూర్చున్నవారు ఎవరైనా ఉన్నారా అని అడిగి రాలేరా? ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లిన దుర్గాబాయి, అక్కడి నిరక్షరాస్య స్త్రీ ఖైదీల దుస్థితి చూసి న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నారు. మన ఇళ్లలో కూడా న్యాయవిద్య చదువుతున్న అమ్మాయిలు ఉన్నారు. వారిని ఆ బస్సు ఎక్కించండి.

ఆమె ఇప్పుడు మళ్లీ ఆ కురుబ రైతు తోటలోనే వక్క ఒలుస్తోంది. పెళ్లిళ్లకు పిలుపులు రావు. కొడుకును మదర్సాలో పిల్లలు ఏదో అన్నారని మాన్పించింది, ప్రభుత్వ బడిలో చేర్చింది. వాయిదాలకు ఒక్కటీ తప్పలేదు. ఆమె వెనుక నేను, ఆ రైతు కూర్చుంటాము. వచ్చే వాయిదా దినాన మాతో రాదలచినవారు ఉదయం మొదటి బస్సు వేళకు అమరాపురం బస్టాండులో ఉండండి. సీట్లు దొరుకుతాయి.